గాలిమరల గొడవలో నాటకం, ఫొటోలు, మ్యాపులు నిజంగా పనికొస్తాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ దగ్గర విండ్ ఫాం, అంటే గాలిమరలతో కరెంటు తీసే ప్రాజెక్టు, రాబోతోంది. భూమి లీజుకిచ్చినవాళ్లు ఒకవైపు, ఇవ్వనివాళ్లు ఇంకోవైపు అయిపోయారు. ఎప్పుడు సభ పెట్టినా అవే నాలుగు గొంతులు, అవే అరుపులు. కొందరు కళాకారులను పిలిచి నాటకం, ఫొటోల ప్రదర్శన, ఊరి మ్యాపు లాంటివి చేయిద్దామని అనుకుంటున్నారు. దీంతో గొడవ సర్దుకుంటుందా, లేక కంపెనీ పనికి పైపూతలా మిగిలిపోతుందా అని అడిగారు. ఇలాంటి తగాదాల్లో మధ్యవర్తిగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

రెండూ జరగొచ్చు. ఏది జరుగుతుందన్నది కళాకారుల ప్రతిభ కంటే ఒక్క విషయం మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది: ప్రాజెక్టులో ఇంకా మార్చడానికి ఏమైనా మిగిలి ఉందా? మరలు ఎన్ని, ఎక్కడెక్కడ, ఎంత ఎత్తు, రోడ్డు ఎటునుంచి, డబ్బు ఎవరికెంత అన్నవన్నీ తేలిపోయి, సంతకాలు కూడా అయిపోయాక నాటకం వేయిస్తే జనం వస్తారు, చూస్తారు, ఇంటికెళ్లి అంతకుముందు కంటే ఎక్కువ మండిపడతారు. మమ్మల్ని కూర్చోబెట్టి కాలక్షేపం చేశారు అన్న మాట ఒకసారి పుట్టిందంటే ఆ తర్వాత ఎవరు పిలిచినా రారు, వాళ్లది తప్పని కూడా అనలేం.

కాబట్టి కళాకారులకు ఫోన్ చేసే ముందే కంపెనీ వాళ్లతో, అనుమతి ఇచ్చే అధికారులతో కూర్చుని ఒక కాగితం రాయించండి. ఏవి తేలిపోయాయి, ఏవి తేలలేదు, తేలనివాటి మీద ఎవరు ఏ తేదీలోపు నిర్ణయం తీసుకుంటారు, అంతే. ఒక పేజీ చాలు. మరల సంఖ్య మారదు గానీ చోటు మారుతుందా? చోటు మారదు గానీ తిరిగే బ్లేడ్ల నీడ ఇళ్ల మీద ఆడే గంటల్లో మరను ఆపుతారా? రాత్రి మెరిసే ఎర్రదీపాల సంగతేంటి? ఇరవై, ఇరవై అయిదేళ్ల తర్వాత మరలు పాతబడితే విప్పి తీసుకెళ్లే ఖర్చు ఎవరిది, ఆ డబ్బు ఇప్పుడే పక్కన పెడతారా? ఇవన్నీ మాట్లాడుకోదగ్గ విషయాలే. ఇందులో ఒక్కదాన్ని కూడా ఇంకా మార్చే వీలు లేదంటే మీరు చేయబోయేది మధ్యవర్తిత్వం కాదు, ప్రచారం. అప్పుడు దాన్ని ప్రచారమనే పిలవాలి.

ఇంకో అపోహ కూడా ముందే తీసేయాలి. వ్యతిరేకించేవాళ్లందరికీ స్వార్థమని, కరెంటు కావాలి కానీ మర మాత్రం పక్కూళ్లో ఉండాలనే రకమని కంపెనీల వాళ్లు తేలిగ్గా అనేస్తుంటారు. నెదర్లాండ్స్ పరిశోధకుడు మార్టెన్ వోల్సింక్ ఎన్నో ఏళ్లుగా ఈ వాదన తప్పని చెబుతూ వచ్చాడు. జనం వ్యతిరేకతకు అసలు కారణం చాలాసార్లు నిర్ణయం జరిగిన తీరు, లాభనష్టాల పంపకంలో న్యాయం లేకపోవడం అని ఆయన వాదన. ఇంకో సంగతి కూడా ఆయన గమనించాడు. ప్రాజెక్టు మాట రాకముందు జనంలో గాలిమరల మీద మంచి అభిప్రాయమే ఉంటుంది, ప్లాను బయటకు రాగానే అది బాగా పడిపోతుంది, మరలు తిరగడం మొదలయ్యాక మళ్లీ కొంత పెరుగుతుంది. అంటే మీరిప్పుడు ఉన్నది అన్నిటికంటే చేదుగా ఉండే దశ. ఈ దశలో విన్న మాటలు బట్టి ఎవరి మీదా ముద్ర వేయకండి. అలాగని తర్వాత అదే సర్దుకుంటుందిలే అని చేతులు దులుపుకోవడానికి ఈ సంగతిని సాకుగా వాడుకోకండి. ఎందుకంటే కొన్ని చోట్ల అది ఎప్పటికీ సర్దుకోలేదు.

జనం చూపుకి విలువిస్తే ప్లాను మారగలదు అనడానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ కోపెన్‌హాగెన్ ఒడ్డున సముద్రంలో ఉన్న మిడిల్‌గ్రుండెన్. మొదట అక్కడ 27 మరలను మూడు వరుసల్లో పెట్టాలనుకున్నారు. ప్రజాభిప్రాయ సేకరణలో నగరం నుంచి చూస్తే అది ఎలా కనిపిస్తుందన్న మాట గట్టిగా వచ్చింది. చివరికి 2000లో కట్టింది 20 మరలు, అవీ విల్లులా వంగిన ఒకే వరుసలో. సగం వాటా వేలమంది మామూలు సభ్యులున్న సహకార సంఘానిది. చూడ్డానికి ఎలా ఉంటుందన్నది చిన్న విషయం, ఇంజనీర్ల పని కాదు అనుకునేవాళ్లకి ఇది చూపించండి. ఆకారం గురించి మాట్లాడుతూనే అక్కడి జనం మరలు ఎన్ని ఉండాలో, వాటి యాజమాన్యం ఎవరిదో కూడా మాట్లాడుకున్నారు.

ఇక పద్ధతుల సంగతి.

అన్నిటికంటే ముందు మ్యాపు పెట్టుకోమంటాను. కంపెనీ తెచ్చే మ్యాపు మీద గీతలు, నంబర్లు, మరల చుక్కలు ఉంటాయి. మనుషులు ఉండరు. పల్లెల అభివృద్ధి మీద పనిచేసిన బ్రిటన్ పరిశోధకుడు రాబర్ట్ చాంబర్స్ వంటివాళ్లు 1990ల్లో బాగా వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతి ఒకటుంది, ఊరివాళ్లే నేల మీద తమ మ్యాపు గీసుకోవడం. ఖాళీ నేల మీద ముగ్గుపిండో, బొగ్గో, రంగు మట్టో, రాళ్లో ఏది దొరికితే దాంతో. లేదా పెద్ద తెల్లగుడ్డ పరిచి రంగులిచ్చి వదిలేయడం. గుడ్డ మీద గీస్తే దాచుకోవచ్చు, సభకు తీసుకెళ్లి గోడకు వేలాడదీయొచ్చు, అది పెద్ద లాభం. ఆడవాళ్లు ఒక గుడ్డ, పశువులు మేపేవాళ్లు ఒకటి, పిల్లలు ఒకటి, లీజుకిచ్చిన రైతులు ఒకటి, ఇలా విడివిడిగా గీయించండి. కలిపి గీయిస్తే బ్రష్షు ఎవరి చేతిలో ఉంటుందో మీకు తెలుసు.

నేను పనిచేసిన ఒకచోట పశువులు మేపేవాళ్ల గుడ్డ మీద ఒక సన్నటి నీలిగీత ఉంది. వాగు కాదు, వాన పడ్డ నాలుగు రోజులు మాత్రం నీళ్లు పారే దారి. ఏ కాగితంలోనూ అది లేదు. కంపెనీ ఇంజనీరు తన మ్యాపును పారదర్శకమైన కాగితం మీద అచ్చువేయించి ఆ గుడ్డ మీద పరిచాడు, క్రేన్లు రావాల్సిన రోడ్డు సరిగ్గా ఆ గీత మీదుగా పోతోంది. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు, మోకాళ్ల మీద కూర్చుని వేలితో రెండు గీతలనూ పోల్చుకుంటూ పోయాడు. తర్వాత ఆ మేపేవాళ్లలో ఒక పెద్దాయనతో "రేపు పొద్దున నాతో వస్తారా, చూపిస్తారా" అన్నాడు. అంతకుముందు సభల్లో ఆ పెద్దాయన ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. రోడ్డు మారింది. గొడవంతా దాంతో తీరలేదు, కానీ మేం చెబితే ఏదో ఒకటి మారుతుంది అన్న నమ్మకం అక్కడినుంచే మొదలైంది. మ్యాపు బలం ఇదే. అరవాల్సిన అవసరం లేకుండా వాదించొచ్చు.

ఫొటోల పద్ధతి కూడా మంచిదే. కెరొలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ అనే ఇద్దరు 1990ల్లో చైనాలోని యునాన్‌లో పల్లె ఆడవాళ్ల చేతికి కెమెరాలిచ్చి మొదలుపెట్టింది, ఫొటోవాయిస్ అంటారు. ఇప్పుడు కెమెరాలు కొనక్కర్లేదు, అందరి చేతిలో ఫోనుంది. కానీ ఫొటో తీయడం సగం పనే, మిగతా సగం కూర్చుని దాని గురించి మాట్లాడటం. ఇక్కడ ఏం కనిపిస్తోంది, నిజంగా జరుగుతున్నదేమిటి, దీనికీ మన బతుక్కీ సంబంధమేంటి, ఇది ఎందుకిలా ఉంది, మనమేం చేయగలం, ఈ వరుసలో అడుగుతూ పోవాలి. ఇక్కడ మీకు ఒక గట్టి హెచ్చరిక. ఊళ్లో వ్యతిరేకించేవాళ్ల మీద ఒత్తిడి ఉంటే ఎవరి ఫొటో ఎవరిదో ప్రదర్శనలో తెలియకూడదు. మనుషుల ముఖాలు ఉంటే వాళ్ల అనుమతి కావాలి, ఆ అనుమతి ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని కూడా ముందే చెప్పాలి. ప్రదర్శన అందంగా రావాలన్న ఆత్రంలో ఈ పని వదిలేస్తే రేపు ఇబ్బంది పడేది కళాకారుడు కాదు, ఆ ఫొటో తీసిన మనిషి.

మరలు ఎలా కనిపిస్తాయో చూపించే కంప్యూటర్ బొమ్మల గురించి కూడా అడిగారు. వాటిని కంపెనీ చేయించినా తప్పులేదు, కానీ ఎక్కడ నిలబడి చూసినట్టు చూపించాలో ఊరివాళ్లే ఎంచుకోవాలి. కంపెనీ ఎంచుకుంటే ఎప్పుడూ చెట్ల వెనకనుంచో, దూరం రోడ్డు మీదనుంచో ఉంటుంది. బడి గుమ్మం, ఫలానా ఇంటి అరుగు, శ్మశానం, పొద్దున నడిచే దారి, ఇవీ జనం అడిగేవి. ఇప్పటి మరలు బ్లేడు కొసదాకా లెక్కేస్తే 150 మీటర్లు దాటడం మామూలే, 200 దాటేవీ ఉన్నాయి. ఆ ఎత్తు కాగితం మీద ఎవరికీ అర్థం కాదు. గాలి తక్కువున్న రోజు చూసి పెద్ద ఎర్ర బెలూన్‌ను తాడుతో ఆ ఎత్తుకు ఎగరేయడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ పనికొస్తుంది, విమానయాన అధికారుల అనుమతి మాత్రం ముందే తీసుకోండి. గాలికి బెలూన్ పక్కకు వాలితే అసలు ఎత్తు కంటే కిందకు కనిపిస్తుంది, ఆ మాట అక్కడే అందరికీ చెప్పేయాలి, లేకపోతే తర్వాత మోసమంటారు. బెలూన్ ఎగిరిన రోజు పిల్లలతో బొమ్మలు వేయించండి, పెద్దవాళ్లతో రెండు మాటలు రాయించండి. బాగుంది అనేవాళ్లు కూడా ఉంటారు, వాళ్ల మాటా గోడెక్కాలి.

శబ్దం విషయంలో మాత్రం లాప్‌టాప్ స్పీకర్లో రికార్డింగ్ వినిపించే పని పెట్టుకోకండి. లోతైన ధ్వని అందులో పలకదు, పైగా వాల్యూం ఎవరి చేతిలో ఉందన్నదే కొత్త గొడవ అవుతుంది. అంతకంటే ఇప్పటికే నడుస్తున్న ఒక విండ్ ఫాంకు బస్సు పెట్టి తీసుకెళ్లండి, పగలు కాదు, రాత్రి, ఊరు సద్దుమణిగాక. కొన్ని వందల మీటర్ల దూరంలో అందరూ ఓ పది నిమిషాలు మాట్లాడకుండా నిలబడి, విన్నది ఎవరికి వాళ్లు కాగితం మీద గీయాలి, రాయాలి. ఒకరికి వినిపించేది ఇంకొకరికి అసలు పట్టదు, ఆ తేడా కాగితాల మీద పక్కపక్కన కనపడటమే ఇక్కడ మనకు కావాల్సింది. శబ్దం డెసిబెల్స్‌లో తక్కువే ఉండొచ్చు, కానీ ఒక లయలో వచ్చి పోయే హుష్ హుష్‌మనే ధ్వని నిద్ర పట్టని మనిషిని ఎంత వేధిస్తుందో ఒక్క అంకె చెప్పలేదు. వీలుంటే ఆ ఊళ్లో ఉండేవాళ్లతో కాసేపు కూర్చోండి, కంపెనీ మనుషులు పక్కన లేకుండా. నీడ గురించి కూడా అక్కడే అడగండి. పొద్దు వాలే వేళ బ్లేడ్ల నీడ కిటికీలోంచి ఇంట్లో ఆడటం చూడనివాళ్లకు దాని చికాకు తెలియదు. జర్మనీలో దానికి ఏడాదికి 30 గంటలు, రోజుకు 30 నిమిషాలు మించకూడదని హద్దు పెట్టుకున్నారు, దాటేలా ఉంటే మరను ఆపే ఏర్పాటు ఉంటుంది. ఇలాంటిది అడగొచ్చని చాలామందికి తెలియనే తెలియదు.

ఇప్పుడు నాటకం. మీరు రాసిన దాన్ని బట్టి మీకు దీని మీదే ఎక్కువ ఆశ ఉన్నట్టుంది, నాకూ ఉంది, కానీ ఏ నాటకమన్నది ముఖ్యం. గాలి మంచిది, కరెంటు మంచిది అని చివర్లో అందరూ కలిసి పాట పాడే నాటకం వద్దే వద్దు. కంపెనీ దుర్మార్గం, రైతు ఏడుపు అని ముగిసేదీ మన పనికి రాదు, ఉద్యమానికి అది అవసరం కావొచ్చు, అది వేరే సంగతి. మధ్యవర్తిత్వానికి పనికొచ్చేది ఫోరం థియేటర్. బ్రెజిల్‌కు చెందిన నాటక దర్శకుడు అగస్టో బోల్ 1970ల్లో దీన్ని రూపొందించాడు. ఒక చిన్న సన్నివేశం వేస్తారు, అది చెడుగా ముగుస్తుంది. తర్వాత అదే మళ్లీ మొదలుపెడతారు, ఈసారి చూసేవాళ్లలో ఎవరైనా ఆపండి అని చెయ్యెత్తి, ఇరుక్కుపోయిన పాత్ర స్థానంలోకి వచ్చి తనకు తోచినట్టు చేసి చూడొచ్చు. మిగతా నటులు అంత తేలిగ్గా లొంగకూడదు, నిజజీవితంలో ఎలా అడ్డుపడతారో అలాగే అడ్డుపడాలి. దీన్నంతా నడిపేవాణ్ణి జోకర్ అంటారు, తీర్పు చెప్పడం ఆయన పని కాదు, "ఇది జరిగే పనేనా? ఇంకెలా చేయొచ్చు?" అని అడుగుతూ ఉండటమే.

సన్నివేశం ఎలా ఉండాలో చెబుతాను. ఇద్దరు అన్నదమ్ములు, పక్కపక్క పొలాలు. అన్న పొలంలో మర వస్తుంది, ఏటా లీజు డబ్బు వస్తుంది. తమ్ముడి ఇల్లు ఆ మరకు దగ్గర, నీడా శబ్దమూ అతనివి, డబ్బు మాత్రం లేదు. సంతకం పెట్టే రోజు పొద్దున తమ్ముడు అన్న ఇంటికొస్తాడు. అంతే కథ. ఇందులో విలన్ లేడు, అందుకే జనం నోరు విప్పుతారు. ఒకామె లేచి వదిన పాత్ర తీసుకుని, డబ్బులో కొంత మీకూ ఇస్తామంటుంది. తమ్ముడి పాత్రధారి "నాకు ముష్టి వద్దు వదినా, నా పేరు కూడా ఆ కాగితంలో ఉండాలి" అంటాడు. అక్కడ సభంతా ఒక్కసారి కదులుతుంది, ఎందుకంటే అసలు పుండు అదే. తర్వాత మరొకరు వచ్చి మర చుట్టూ ఇంత దూరంలో ఉన్న ఇళ్లన్నిటికీ వాటా అడుగుదాం అంటారు. చూశారా, నాటకంలోంచి ఒక డిమాండు పుట్టింది. అది పగటికల కూడా కాదు. డెన్మార్క్ 2009 నుంచి అమల్లో పెట్టిన నిబంధనలో కొత్త మరల యజమానులు కనీసం 20 శాతం వాటాలను 4.5 కిలోమీటర్ల లోపు ఉండేవాళ్లకు అమ్మకానికి పెట్టాల్సి వచ్చేది. వాటా కొనే స్తోమత లేనివాళ్ల సంగతేంటన్న ప్రశ్న దాని వెంటే వస్తుంది, దానికి ఇంకో సన్నివేశం వేయండి.

దీనికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. ఊళ్లో నిజంగా ఉన్న మనిషిని పోలిన పాత్ర పెట్టొద్దు, పేరు మార్చినంత మాత్రాన జనం గుర్తుపట్టకుండా ఉండరు. కథ కోసం మీరు విన్న గొడవల్ని కలిపి కొత్తది అల్లాలి. కంపెనీ ప్రతినిధి రావొచ్చు, చూసేవాళ్లలో కూర్చోవాలి, మైకు పట్టుకోకూడదు. చివర్లో వచ్చిన సలహాలన్నీ అక్కడికక్కడే పెద్ద అక్షరాలతో చార్టు మీద రాయాలి, రాసేది ఊరివాళ్లే అయితే ఇంకా మంచిది. నాకు బాగా తెలిసిన నియమం ఒకటుంది, రాయకుండా వదిలేసిన నాటకం మర్నాడు గాలికి పోతుంది. ఆ చార్టు ఎవరికి చేరాలి, వాళ్లు ఎప్పటిలోగా ఒక్కో మాటకు అవునో కాదో, కాదంటే ఎందుకో జవాబు రాయాలి, ఇది ఇందాక చెప్పిన ఒక పేజీ కాగితంలో ముందే ఉండాలి.

సమయం ఉంటే రచయిత రాబర్ట్ యుంక్ రూపొందించిన భవిష్యత్ వర్క్‌షాప్ కూడా చేయొచ్చు. మొదట కోపాలన్నీ కక్కేయడం, తర్వాత ఏ హద్దూ లేకుండా ఊహించడం, చివర్లో ఆ ఊహల్లో ఏది ఎలా సాధ్యమో చూడటం. మొదటి దశను కుదించకండి. కోపం పూర్తిగా వినిపించని చోట ఊహ పుట్టదు.

డబ్బు గురించి దాచకుండా మాట్లాడుకోవాలి. కళాకారుల ఫీజు ఎవరిస్తున్నారు? చాలాసార్లు కంపెనీయే ఇస్తుంది, వేరే దారి ఉండదు. అలా అయితే మొదటి రోజే, మొదటి మాటగా ఊరికి చెప్పేయండి. ఒప్పందంలో మూడు మాటలు తప్పకుండా ఉండాలి: వచ్చిన బొమ్మలు, ఫొటోలు, చార్టులు వేటినీ కంపెనీ తన ప్రకటనలకు వాడుకోకూడదు, ఈ పనంతా అయ్యాక ఊరు వద్దని చెప్పినా సరే ఫీజు మొత్తం ఇవ్వాలి, ఫలితం బయటపెట్టాలి. దీనికి ఒప్పుకోని చోట నేను పని తీసుకోను. డబ్బు ఏ స్థానిక సంస్థ ద్వారానో, రెండువైపుల మనుషులూ ఉన్న కమిటీ ద్వారానో వచ్చేలా చేస్తే అనుమానం బాగా తగ్గుతుంది. స్తంభాల మీద రంగులు వేయడం, పేర్లు పెట్టే పోటీలు, వీటికి నేను అడ్డు చెప్పను, కానీ అవి తగాదా తీరాక చేసుకునే పండగలు.

అసలు చేయకూడని చోట్లూ ఉన్నాయి, ఇది అన్నిటికంటే ముఖ్యం. నార్వేలో ఫోసెన్ ద్వీపకల్పం మీద కట్టిన విండ్ ఫాంలు రెయిన్‌డీర్‌లు మేపుకునే అక్కడి ఆదివాసులు, సామీ ప్రజల సాంస్కృతిక హక్కును దెబ్బతీశాయని, ఆ అనుమతులు చెల్లవని 2021 అక్టోబర్‌లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరలు అప్పటికే తిరుగుతున్నాయి, తీర్పు తర్వాతా తిరుగుతూనే ఉన్నాయి. 500 రోజులు గడిచాక, 2023 ఫిబ్రవరి, మార్చి నెలల్లో యువత సంప్రదాయ దుస్తులతో ఓస్లోలో మంత్రిత్వ శాఖల ముందు కూర్చుని, పాటలు పాడుతూ దారులు మూసేశారు. అక్కడా కళ ఉంది, కానీ అది హక్కు అడిగే కళ. అలాంటి చోటికి మనం వెళ్లి రండి కలిసి బొమ్మలు వేద్దాం, ఒకరినొకరు అర్థం చేసుకుందాం అంటే అది అన్యాయానికి తోడుపోవడమే. హక్కు ప్రశ్న తేలాలి, దానికి కోర్టులున్నాయి, పని మొదలుపెట్టే ముందే అక్కడివాళ్ల ఒప్పుకోలు తీసుకోవాలనే ముందస్తు సమ్మతి అన్న సూత్రం ఉంది. అలాగే బెదిరింపులు, కేసులు నడుస్తున్న చోట, భూమి ఎవరిదో తేలని చోట, నలుగురిలో మాట్లాడితే మర్నాడు పని పోయే మనుషులున్న చోట నాటకం పెట్టి వాళ్లను స్టేజీ ఎక్కించొద్దు. ముందు వాళ్లకొక మంచి లాయరు కావాలి.

మీ ఊరు అలాంటిది కాదని మీరు రాసిన దాన్ని బట్టి అనుకుంటున్నాను. లీజు ఇచ్చినవాళ్లకూ ఇవ్వనివాళ్లకూ మధ్య తగాదా, మరలు ఎక్కడెక్కడ అన్న లేఅవుట్ ఇంకా ఖరారు కాలేదు, కంపెనీ మాట్లాడటానికి సిద్ధంగా ఉంది, ఇది చాలా మంచి స్థితి. కాబట్టి ఇలా పోవచ్చు: ముందు ఆ ఒక పేజీ కాగితం, దాని తర్వాత గుడ్డ మ్యాపులు, ఆ మ్యాపుల్లోంచి వచ్చిన చోట్లనుంచే కంప్యూటర్ బొమ్మలు, బెలూను, తర్వాత రాత్రి బస్సు ప్రయాణం, అందులో విన్న మాటల్లోంచి నాటకం. ఒకదాని సరుకు ఇంకోదానికి పనికొచ్చేలా ఉండాలి, లేకపోతే జనానికి అదే ప్రశ్న ఐదుసార్లు అడిగినట్టు ఉంటుంది. తొందర పెట్టకండి, పంట పనుల రోజుల్లో అసలు పెట్టుకోకండి. మీటింగులు ఆడవాళ్లకు వీలయ్యే వేళలో, పిల్లల్ని చూసుకునే మనిషిని పెట్టి చేయండి. భూమి లేనివాళ్లను, కౌలుదార్లను పేరుపేరునా పిలవండి, ఎందుకంటే లీజు ఒప్పందంలో వాళ్లు ఎక్కడా ఉండరు, పొలం పోతే ముందు పని పోయేది వాళ్లకే.

బడ్జెట్‌లో కొంత మొత్తం మరలు తిరగడం మొదలయ్యాక మొదటి ఏడాదికని ఇప్పుడే విడిగా పెట్టించండి. అందరూ మర్చిపోయేది ఇదే. శబ్దం ఎంతుందో, నీడ ఎవరింట్లో పడుతోందో, రోడ్డు పక్క నీళ్లు ఎటు పోతున్నాయో నిజంగా తెలిసేది అప్పుడే. అదే మనుషులు, అదే గుడ్డ మ్యాపులు, మళ్లీ కూర్చుని ఏది చెప్పినట్టు జరిగింది, ఏది జరగలేదు అని కొత్త రంగుతో గుర్తుపెట్టాలి. ఆ సమావేశానికి కంపెనీ తరఫున వచ్చే మనిషికి మరను ఆపించే, సరిచేయించే అధికారం ఉండాలి, విని రాసుకుని వెళ్లేవాణ్ణి పంపితే ఒప్పుకోకండి.